తేనెగుట్ట చిట్టస్వరం

1994 జూన్ మొదటి వారంలో నేను హోసూరులోని ఒక చిన్న క్యాసెట్ కంపెనీలో రికార్డింగ్ ఇంజినీరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, వెనక ఒక ఫ్యాక్టరీలో మూడేళ్ళ టెస్టింగ్ పని. ఇంజినీరు అనేది తలుపు మీది బోర్డులో మాట మాత్రమే. కంపెనీ మొత్తం మీద ముగ్గురమే: యజమాని రంగయ్య శెట్టిగారు, క్యాసెట్లు కాపీ చేసి సర్దే ఒక అమ్మాయి, నేను. మైకులు పెట్టడం, టేపు నడపడం, క్యాసెట్ డబ్బాలో పెట్టే అచ్చు అట్టకు విషయం తయారుచేయడం నా పనులు. ఆ అట్టను ఇన్లే కార్డు అంటారు.

పాతపేటలో శెట్టిగారి సరుకుల గోడౌను మీది మేడగదే మా స్టూడియో. గోడలకు కొబ్బరిపీచు మెత్తలు, వాటి మీద మందపాటి గుడ్డ. రెండు ట్రాకుల స్పూల్ టేపు యంత్రం ఒకటి, మైకులు నాలుగు. రెండు ట్రాకులంటే తర్వాత సరిదిద్దుకునే వీలుండదు. అందరూ కలిసి ఒకేసారి పాడి వాయించాలి, ఎవరు తప్పినా మళ్ళీ మొదటినుంచి. ఒక్కో ప్రయత్నాన్ని టేకు అంటాం. ఎన్నో టేకు, ఎన్ని నిమిషాలు, లోపమేమిటి, ఉంచాలా వద్దా అని నాలుగు గళ్ళ పట్టీలో రాయడం నియమం. నేను ఐదో గడి కూడా గీసుకున్నాను: ఇతర విషయాలు. పట్టీ రాయకపోతే నాకు పని పూర్తయినట్టు ఉండదు.

ఆ నవంబరులో శెట్టిగారు నాకు గోవిందప్పగారి ఎనిమిది కృతుల పని అప్పగించారు. గోవిందప్పగారిది తళి దగ్గరి పల్లె. క్యాబేజీ, గులాబీ పండించే రైతు, అరవై రెండేళ్ళ మనిషి. చిన్నప్పుడు బెంగళూరులో ఒక విద్వాంసుడి ఇంట్లో ఉండి వీణ నేర్చుకున్నారు. తండ్రి పోయాక తిరిగొచ్చి సేద్యంలోకి దిగారు. మాటలు, రాగం, తాళం అన్నీ తానే కూర్చుకునే వాగ్గేయకారుడు. ఆయన మాటలు మాత్రం నోటుబుక్కులో రాసుకునేవారు. స్వరాలు రాసుకునే అలవాటు లేదు. అవి చేతిలో ఉంటాయి, కూతురు సరోజమ్మగారి గొంతులో ఉంటాయి.

తండ్రీకూతుళ్ళు తళి బస్సులో వచ్చారు. వీణను కంబళిలో చుట్టి సీటు మీద పడుకోబెట్టి తెచ్చారు. కండక్టరు చూసి, ఎవరప్పా, జ్వరమా అని అడిగాడట. “జ్వరం ల్యాదు, నిద్రపోతాండాది. హోసూరులో లేపుతాను” అన్నారట ఈయన.

నేను సంగీతం తెలిసిన ఇంట్లో పుట్టలేదు. నాకు తెలిసింది మీటరు ముల్లు. శబ్దం హెచ్చితే కుడికి, తగ్గితే ఎడమకు పోతుంది. రెండో రోజు మధ్యాహ్నం ముఖారి రాగంలో ఒక కృతి రికార్డు చేసేటప్పుడు మాత్రం ముల్లు చూడడం మరిచిపోయాను. అది నా ఉద్యోగంలో మొదటిసారి.

ఆ కృతి నిర్మాణం చెప్పాలి. కొన్ని కృతుల్లో అనుపల్లవి తర్వాత చిట్టస్వరం అనే భాగం ఉంటుంది. అక్కడ మాటలుండవు, సరిగమలే పాడతారు. అవే స్వరాలకు ఒక్కో అక్షరం అతికేటట్టు మాటలు కూడా కూరిస్తే దాన్ని స్వరసాహిత్యం అంటారు. ముందు స్వరంగా పాడి, వెంటనే అదే వరుసను మాటలతో పాడతారు. గోవిందప్పగారి చిట్టస్వరం ఆదితాళంలో నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగుసార్లు చుట్టి రావాలి. సరోజమ్మగారు స్వరాలు పాడినప్పుడు ఏదో పక్షి వంకరగా ఎగురుతున్నట్టుంది. అదే వరుస మాటల్లోకి దిగినప్పుడు ఆ వంకరలన్నీ ఎందుకున్నాయో తెలిసిపోయింది. మాట ఎక్కడ ఆగుతుందో స్వరం అక్కడ ఆగుతుంది. ప్రశ్న ఎక్కడ పైకి లేస్తుందో స్వరం అక్కడ లేస్తుంది. ఖాతా పుస్తకంలో ఎడమ వైపు లెక్క, కుడి వైపు లెక్క సరిగ్గా కలిసినట్టు అనిపించింది. రెండో టేకు ఉంచాం. ఐదో గడిలో ‘లోపం కనబడలేదు’ అని రాశాను.

ఆ మాటలు ఇక్కడ ఇవ్వను, ఇవ్వవద్దని గోవిందప్పగారు చెప్పారు. అర్థం ఇది: అమ్మా, తేనెటీగలు కాపున్న నీ గుట్టను కోసి పలకలు చేసి ఓడ ఎక్కించారు, నీ పాదం పెట్టడానికి ఒక రాయైనా మిగిలిందా?

ఇక నేను చేసిన పొరపాటు. ఎనిమిది కృతుల్లోనూ ఊళ్ళ పేర్లు, చెరువుల పేర్లు, గుట్టల పేర్లు చాలా వస్తాయి. వినేవాళ్ళకు ఉపయోగంగా ఉంటుందని ఇన్లే కార్డు కోసం ఒక పట్టీ తయారుచేశాను. ఎవరూ అడగలేదు. మొత్తం పద్నాలుగు చోట్లు. ప్రతిదానికీ వరుస సంఖ్య, అది ఏ కృతిలో వస్తుందో, ఎక్కడ ఉందో. పదకొండోది తేనెగుట్ట. పాటలో ఆ పేరు లేదు, వర్ణన మాత్రమే ఉంది. ఏ గుట్టో మృదంగం వాయించిన అంజప్పగారిని అడిగి తెలుసుకున్నాను. ఆయన బర్గూరులో ఒక కాలేజీలో గుమాస్తా. “నాకు దినామూ కనపడేదే కదప్పా. పోయినేడు నిండుగా ఉండె, ఇప్పుడు సగం” అన్నారు. నేను సగం సంగతి వదిలేసి, ‘తేనెగుట్ట, బర్గూరుకు పడమర నాలుగు మైళ్ళు, ప్రస్తుతం గ్రానైటు క్వారీ’ అని రాశాను.

శెట్టిగారు పట్టీ చదివి పదకొండో వరుస దగ్గర కళ్ళద్దాలు తీశారు. ఆ క్వారీ లీజు ఛైర్మన్‌ది. అందరూ ఛైర్మన్ అనే పిలిచే ఆ పెద్దమనిషి అప్పట్లో కృష్ణగిరి చుట్టుపక్కల మాట చెల్లే నాయకుడు. మా క్యాసెట్‌కు సాయం చేస్తున్నది ఆయనే. విడుదల సభ ఆయన పాఠశాలలోనే. ఆ పాఠశాలలో సరోజమ్మగారు సంగీతం టీచరు, ఏడాదికోసారి కాగితం మారే తాత్కాలిక ఉద్యోగం.

“మునిరాజూ, ఈ పట్టీ ఎవరు అడిగినారప్పా నిన్ను?” అన్నారు శెట్టిగారు.

పట్టీ చింపేస్తే సరిపోతుంది కదా అన్నాను.

“చింపితే కాగితం పోతుంది. నాకు తెలిసిపొయిందే, అది ఎట్ల పోతుంది? నిన్నటిదంకా నాకు తెలీకుండా పాట వచ్చినట్ల. ఇంక నేను తెలిసి ఇచ్చినట్ల.”

పాట మార్చమని ఆయన అనలేదు, తీసేయమనీ అనలేదు. పట్టీ తీసుకుపోయి గోవిందప్పగారికి చూపించి రమ్మన్నారు, అంతే. ఛైర్మన్‌కు ఈ సంగతి అప్పటికి తెలియదు. తర్వాత కూడా తెలియలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను.

నా టూవీలర్ మీద తళి దాటి పోయాను. గోవిందప్పగారు క్యాబేజీ మళ్ళలో ఉన్నారు. మట్టి చేతులు తుడుచుకుని పట్టీ మొదటినుంచి చివరిదాకా చదివారు. బాగా రాసినావు, అన్ని చోట్లూ సరిగ్గానే ఉండాయి అన్నారు. పదకొండో వరుస మీద వేలు పెట్టారు.

“కట్టేటప్పుడు తెలుసు నాకు, ఎవరి గుట్టో. పాడించేటప్పుడూ తెలుసు. అమ్మవారి మాటల్లో కలిసిపోయి ఉంటే ధైర్యంగా ఉండె. ఇట్ల నాలుగు మైళ్ళు అని చూస్తే, వాళ్ళ ఇంటి వాకిట్లో నిలబడి పాడినట్ల ఉండాది.”

నేను కుర్రతనంతో ఒక ఉపాయం చెప్పాను. గుట్ట బదులు వేరే ఏదైనా పెట్టి మాటలు మార్చవచ్చు కదా అన్నాను.

“యాడినుంచి తెచ్చి పెట్టేది? లేనిదాన్ని పెట్టేదానికి నాకు రాదు. ఉన్నదాన్ని తీసేదానికి వస్తుంది. బేస్తవారం వస్తాము, టేపు సిద్ధం చెయ్యి.”

గురువారం ఉదయం పదింటికి తండ్రీకూతుళ్ళు, అంజప్పగారు వచ్చారు. చేయవలసిన పని కాగితం మీద సులువు. స్వరసాహిత్యం వదిలేసి చిట్టస్వరం మాత్రం పాడాలి. మాటలు లేకపోయినా వెలితి తెలియదు, చాలా కృతులు అట్లాగే ఉంటాయి. మొదటి టేకు అయింది. నా చెవికి బాగానే ఉంది. గోవిందప్పగారు తల అడ్డంగా ఊపారు. రెండో టేకు, మూడో టేకు, అంతే.

“అమ్మా, నువ్వు మాటలు పాడతాండావు” అన్నారు.

“సరిగమలే కదా నాయనా పాడింది?”

“నోట్లో సరిగమ. ఊపిరి మాటలది.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు నేను చేయగలిగింది చేశాను. ముందు మాటలతో తీసిన టేకు వేసి, ఆ భాగంలో గొంతు ట్రాకు ముల్లు బాగా ఎడమకు పడిన చోట్లు గడియారం చూసి రాసుకున్నాను. కొత్త టేకు వేసి మళ్ళీ రాసుకున్నాను. తొమ్మిది చోట్లు. తొమ్మిదీ ఒకటే. ఆమె మాటలు పాడినప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, మాటలు లేనప్పుడూ అక్కడే తీసుకున్నారు. గోవిందప్పగారు యంత్రం లేకుండా కనిపెట్టిన సంగతి నాకు యంత్రంతో అరగంట పట్టింది. ఆయన పక్కన నిలబడడానికే నాకు భయం వేసింది. గౌరవంతో వచ్చే భయం అది.

వేరే చోట ఊపిరి తీసుకుని పాడమన్నారు. ఆమె ప్రయత్నించారు. అతుకు పడ్డట్టు వినిపించింది. ఆరో టేకు తర్వాత ఆమె తంబూరా ఆపేశారు.

“నాయనా, ఒక మాట. నా ఉద్యోగం కోసరం అని చెప్పి తీయొద్దండి. నేను అడగలేదు. పోతే పోనీ, తళిలో పిల్లోళ్ళకు పాఠం చెప్పుకుంటాను. మీకు భయమయింది, తీస్తాండారు. ఆ మాట చెప్పండి చాలు.”

అంజప్పగారు మృదంగం పక్కన పెట్టి, టీ తాగొస్తానని లేచారు. గోవిందప్పగారు ఆయన్ను కూర్చోమన్నారు.

“నీ పేరు నేనెప్పుడు చెప్పినానమ్మా? భయం నాదే. నా ఊర్లో, నా మళ్ళలో, నా బావి పక్కన నిలబడుకున్నా అవుతాండాది. సరేనా? చెప్పినాను. ఇంక పని చూస్తామా?”

తర్వాత జరిగింది నేను నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. ఆయన వీణ ఒళ్ళోకి తీసుకుని, పాత చిట్టస్వరం పనికి రాదు, మాటలు తీసినా వాటి గుర్తులు దాంట్లోనే ఉన్నాయి, స్వరమే మార్చాలి అన్నారు. కొత్తది కట్టాలంటే ఎన్ని కట్టుబాట్లో అంజప్పగారు తర్వాత నాకు వివరించారు. అనుపల్లవి ఆగిన స్వరం దగ్గర అందుకోవాలి. ముఖారి తన వంకర నడక తప్పకూడదు. సరిగ్గా నాలుగు ఆవర్తాల్లో ముగిసి, తాళంలో ఒకటిన్నర దెబ్బ తర్వాత మొదలయ్యే పల్లవిలోకి జారాలి. వీటికి తోడు ఆ రోజు ఆయన తనకు తానే పెట్టుకున్న కట్టుబాటు ఒకటి: పాత మాటలు ఎవరైనా తెచ్చి అతికించాలని చూసినా అతకకూడదు.

మొదటి ఆవర్తం వీణ మీద మూడుసార్లు వాయించి చూసి తేల్చారు. రెండోది ఒకేసారి వచ్చింది. మూడోదాని మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని వేళ్ళతో తొడ మీద తాళం వేశారు. అక్కడ పాతదానిలో ప్రశ్న పైకి లేచేది. కొత్తదాన్ని ఆయన కిందికి దించారు, మంద్ర స్థాయిలోకి, వీణ లావు తీగ మీదికి. అక్కడినుంచి నాలుగో ఆవర్తంలో ఒక్క మెట్టూ వదలకుండా పైకి ఎక్కించి పల్లవిలో పడేశారు. అంజప్పగారు ‘ఆహా’ అని పైకే అనేశారు. సరోజమ్మగారు కోపం మరిచిపోలేదు, కానీ నా ఊళ్ళ పేర్ల పట్టీ వెనక్కి తిప్పి ఆ కాగితం మీదే స్వరాలు రాసుకుంటున్నారు. అది అక్కడికక్కడ నేర్చుకుని పాడాలి కాబట్టి, ఆయన స్వరాలు కాగితానికి ఎక్కింది ఆ ఒక్కసారే.

మొత్తం నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ టేపు ఆపి ఉంచాను. టేకుల మధ్య టేపు నడపకూడదని మా నియమం.

రెండున్నరకు ఫ్యాక్టరీ షిఫ్టు సైరన్ ఆగాక కొత్త రీలు వేసి టేకు తీశాం. మొదటిదే నిలిచింది. పాతదాని కంటే బాగుందా అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. బాగుంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా అదే నిజం.

పోయేముందు గోవిందప్పగారు పాత స్వరం ఉన్న ముఖారి రీళ్ళు, ఆ ఉదయం టేకులతో సహా, చెరిపేయమన్నారు. నేను అప్పుడే మేడ మీదికి వచ్చిన శెట్టిగారి వైపు చూశాను. పాట కట్టినాయన ఇష్టం అన్నారాయన. టేపు చెరపడానికి బల్క్ ఎరేజర్ అనే పెట్టె ఉంటుంది. లోపల పెద్ద విద్యుదయస్కాంతం. స్విచ్చి వేసి, రీలును దాని మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పాలి. ఒక వైపు ఇరవై సెకన్లు, తిప్పి రెండో వైపు ఇరవై సెకన్లు. తర్వాత రీలును చేతి పొడవు దూరం లాగాకే స్విచ్చి ఆపాలి. దగ్గరుండగా ఆపితే టేపు మీద దుబ్బుమనే శబ్దం మిగులుతుంది. నేను అన్నీ నియమం ప్రకారం చేశాను. యంత్రంలో వేసి వినిపించాను. ఏమీ లేదు.

“అంతేనా? నాకు దాన్ని కట్టేదానికి ఆర్నెల్లు పట్టింది కదప్పా” అన్నారు గోవిందప్పగారు.

జనవరిలో కృష్ణగిరిలో విడుదల సభ జరిగింది. ఛైర్మన్ వచ్చి, గోవిందప్పగారికి శాలువా కప్పి, ముఖారి కృతికి కుర్చీ చేతి మీద తాళం వేస్తూ విన్నారు. తాళం తప్పింది గాని ఆనందం నిజమే. సభ అయ్యాక ఇద్దరు విద్వాంసులు వేదిక ఎక్కి ఆ చిట్టస్వరం మళ్ళీ వాయించి చూపమని గోవిందప్పగారిని బతిమాలారు. చుట్టుపక్కల పాఠం చెప్పేవాళ్ళకు ఇప్పటికీ ఆ కృతి ఆ నాలుగు ఆవర్తాలతోనే తెలుసు. మరుసటేడు సరోజమ్మగారి కాగితం మళ్ళీ మారింది. ఉద్యోగం నిలిచింది.

2001లో క్యాసెట్ల వ్యాపారం తగ్గి, నేను కృష్ణగిరిలో ఒక కాలేజీ శబ్ద భాండాగారానికి ఇంచార్జిగా చేరాను. పాత టేపులు భద్రపరచడం, కొత్తవి రికార్డు చేయడం నా బాధ్యత. 2003లో గోవిందప్పగారి కృతులన్నీ రికార్డు చేయడానికి అనుమతి తీసుకుని యంత్రంతో వాళ్ళ ఊరికి పోయాను. అప్పటికి ఛైర్మన్ పదవి పోయింది, లీజు పోయింది, తేనెగుట్ట ఉన్న చోట నీళ్ళు నిండిన గుంత ఉంది. సరోజమ్మగారు ప్రభుత్వ పాఠశాలలో శాశ్వత ఉద్యోగంలో ఉన్నారు. ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ముఖారి కృతిని పాత స్వరసాహిత్యంతో ఇవ్వమని అడిగాను.

డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, ఎంతో ఉత్సాహంగా వీణ శ్రుతి చేశారు. మొదటి ఆవర్తం వచ్చింది. రెండోది సగంలో కొత్తదానిలోకి తిరిగిపోయింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే తిరిగింది. సరోజమ్మగారు పాడి చూశారు. మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి. వరుసలో పెట్టబోతే కొత్త స్వరం వచ్చి అడ్డం నిలుస్తుంది, మాటలు దానికి అతకవు. అతకకుండా ఆయనే కట్టారు. తొమ్మిదేళ్ళుగా వాయించింది, పాడింది, పిల్లలకు చెప్పింది కొత్తదే.

గంటసేపు ప్రయత్నించాక గోవిందప్పగారు వీణ దించి నవ్వారు.

“బాగా చెరిపినావు పో మునిరాజప్పా. నా లోపలినుంచి కూడా పోయింది.”

ఆయన నోటుబుక్కు నన్ను తీసుకుపొమ్మన్నారు. 1994 తర్వాత ఆయన కట్టిన కృతులు పదకొండు. అన్నీ రికార్డు చేశాను. ఒక్కొక్కటి వింటే ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది. వాటిలో ఒక ఊరు గాని, చెరువు గాని, గుట్ట గాని లేదు. ఎందుకని ఆయన్ను అడిగితే, సరోజమ్మగారు నాకంటే ముందే ఆ ప్రశ్న అడిగారని, తనకూ ఆ సంగతి ఆమె అడిగిన రోజే తెలిసిందని చెప్పారు.

భాండాగారంలో నేను ఉన్నంతకాలం ఒక నియమం అమలు చేశాను. టేపు చెరపమని కోరేవాళ్ళు చీటీ రాసి సంతకం పెట్టాలి. నెల రోజుల తర్వాత మళ్ళీ వచ్చి రెండో సంతకం పెట్టాలి. రెండో సంతకం పడేదాకా టేపు బీరువాలో ఉంటుంది, ఎవరికీ వినిపించం. నేను పదవీ విరమణ చేసే నాటికి అట్లాంటి చీటీలు తొమ్మిది వచ్చాయి. రెండో సంతకానికి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆ రెండు టేపులూ చెరిపాను. మిగిలిన ఏడూ బీరువాలో ఉన్నాయి.